కోరుట్ల నుంచి వచ్చిన బోర్డు

పోయిన నెల మా అమ్మాయి సొంతంగా ఒక కంప్యూటర్ తయారు చేసుకుంటానంది. విడిభాగాలన్నీ తనే ఎంచుకుంది. మదర్‌బోర్డు ఒక్కటే తేలలేదు. జగిత్యాలలో టవర్ దగ్గరి దుకాణానికి ఇద్దరం వెళ్లాం. దుకాణదారు రెండు బోర్డులు మా ముందు పెట్టాడు. ఒకటి కొత్తది, మామూలుది. రేపు ఏదైనా పెంచుకుందామంటే చోటు లేనిది. రెండోది అంతకంటే చాలా మంచిది, కానీ ఎవరో కొంతకాలం వాడి ఇచ్చేసింది. రెండింటి ధరా దాదాపు ఒకటే. మా అమ్మాయి చెయ్యి రెండో దాని మీదికి పోయింది. "వద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎందుకు డాడీ? దీనికి గ్యారంటీ సుత ఇస్తరట."

"వాడింది వద్దు బిడ్డా."

"నీ చేతులున్న ఫోన్ ఏంది మరి? అది గూడ వాడిందే గద!" అంది. దుకాణదారు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. చివరికి కొత్తదే కొన్నాం. బండి మీద ఇంటికి వచ్చాం. ఇంటి గేటు దగ్గర దిగి, "నువ్వు దాన్ని సూసి భయపడ్డవ్ డాడీ, నేను సూసిన" అని లోపలికి పోయింది. నిజమే. ఆ భయం ఎక్కడిదో తనకు చెప్పాల్సి ఉంది. తనకంటే ముందు చెప్పాల్సిన మనిషి ఇంకొకరుంటే, వెళ్లి చెప్పి వచ్చాను. ఇప్పుడు తన కోసం ఇదంతా కాగితం మీద పెడుతున్నాను.

మాది సిరిసిల్ల. మా ఇంటి వెనక గోడకు ఆనుకునే సాంచాల షెడ్డు ఉండేది. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆ చప్పుడులోనే నేను పుట్టాను, చదువుకున్నాను, నిద్రపోయాను. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉయ్యాలలో పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. మా బాపు, అంటే నాన్న, ఆ షెడ్డులో సాంచాలు నడిపేవాడు. అమ్మ ముందుగదిలో కిటికీ పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టేది. ఇంట్లో దేన్ని ముట్టుకున్నా సన్నటి దూది పొర వేలికి అంటేది. గంజి వాసన, మెషిన్ ఆయిల్ వాసన, సాయంత్రమైతే చాయ్‌లో అమ్మ దంచి వేసే అల్లం వాసన, ఇవే మా ఇంటి వాసనలు. బాపు బీడీ ముట్టేవాడు కాదు. ఆ సంగతి ఇక్కడే చెప్పడం అవసరం.

నేను అప్పుడు జగిత్యాలలో గది తీసుకొని డిప్లొమా చదువుతున్నాను. వారానికొకసారి ఇంటికి వచ్చేవాణ్ణి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే టైపింగు పనులు పట్టుకోవచ్చని బాపును చాలాకాలం సతాయించాను. ఆయన ఎట్లాగో ఒప్పుకున్నాడు. పాత సీపీయూ డబ్బా, పాత టీవీ లాంటి మానిటరు, చిన్న హార్డ్ డిస్కు ఒక్కొక్కటే కూడబెట్టాను. బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. జగిత్యాలలో కంప్యూటర్ విడిభాగాల దుకాణం నడిపే ఖలీల్ భాయ్ ఓపిక గలవాడు. నేను రోజూ కాలేజీ నుంచి వచ్చి ఆయన కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడేవాణ్ణి.

"బోర్డంటె ఇంటి జాగ అసొంటిది బేటా. గోడలు మల్ల కట్టుకోవచ్చు. జాగ తప్పు కొంటే అంతే" అనేవాడాయన. మా స్తోమతకు అందే కొత్త బోర్డులో అన్నీ దానికే అతికించి ఉండేవి. ఏదీ తీసి మార్చడానికి లేదు. నేను పెదవి విరుస్తుంటే ఒకరోజు ఆయన కౌంటర్ కింది నుంచి పాత తువ్వాలలో చుట్టిన బోర్డు తీశాడు. పేరున్న కంపెనీది. మెమరీకి ఖాళీ ఉంది, కార్డులకు చోటుంది. చేతిలోకి తీసుకోగానే ఘాటుగా తంబాకు వాసన కొట్టింది. సందుల్లో గోధుమరంగు పొడి పేరుకొని ఉంది.

"ఎవరిది భాయ్ ఇది?"

"కోరుట్లకెళ్లి అచ్చింది. దుబాయ్ పోయినోళ్ల ఇంట్లది. ఒకాయన కంప్యూటర్ మొత్తం తెచ్చి అమ్మిండు. నేను ఏది ఎవలకు కావాలంటే అది తీసి ఇస్తున్న. ఇంకేం అడగకు, బోర్డు మాత్రం బంగారం."

ఇంటికి వెళ్లి చెబితే బాపుకు నచ్చలేదు. మా దగ్గర పాత సాంచె కొన్నప్పుడు ఒక పద్ధతి ఉండేది. పాత ఆసామిని ఇంటికి పిలిచి, చాయ్ పోసి, మొదటిసారి ఆయన చేతనే మోటారు స్విచ్ వేయించేవాళ్లు. బెత్తెడు బట్ట ఆయన నేసిన తర్వాతే కొన్నవాడు చెయ్యి పెట్టేవాడు. "గట్ల అప్పజెప్తేనే అది మనదైతది. లేకుంటె పాత చెయ్యినే ఎతుకుతది" అన్నాడు బాపు. నేను పకపకా నవ్వాను. "బాపూ, ఇది సాంచె గాదు, మిషిన్‌కు సుత మనసుంటదా?" అన్నాను. ఆయన, "నువ్వే సదువుకున్నోనివి" అని లేచి షెడ్డులోకి పోయాడు. మర్నాడు నేను ఆ బోర్డే తెచ్చాను.

బిగించాను, వెలిగింది. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. పొడి మొత్తం బ్రష్షుతో దులిపాననుకున్నాను. కానీ బోర్డు వేడెక్కిన కొద్దీ ముందుగది నిండా తంబాకు వాసన అలుముకుంది. అమ్మ కండెలు చుట్టడం ఆపి గాలి పీల్చింది. ఆమె చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, బీడీలు చేసేది. "ఇది తాగిన వాసన గాదురా, చేసిన వాసన. ఎవలో ఆడామె దీని ముంగట కూసోని బీడీలు చేసింది" అంది. ఎవరో పరాయి ఆడమనిషి మా ఇంట్లో కూర్చున్నట్టు ఆ మూలకు చూసింది.

మళ్లీ వారం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ మొదట అడిగిన మాట, "నువ్వు లేనప్పుడు గూడ అది ఆన్ అయ్యేటట్టు చేసి పోయినవా?" అని. నేను లేదన్నాను. "రోజూ సాయంత్రం నాలుగింటికి అదే ఆన్ అయితున్నది మరి" అంది. నమ్మలేదు. ఆ సాయంత్రం ఎదురుగా కూర్చున్నాను. వెనక సాంచాలు దడదడ కొట్టుకుంటున్నాయి. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి, గాల్లో తేలే దూది కనిపిస్తోంది. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. డబ్బాలో ఎక్కడో టిక్కుమంది. ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. నల్లటి తెర బూడిదరంగై, వెలిగి, ఆగింది. అంతే. ఏమీ అడగలేదు, ఏమీ చేయలేదు. ఎదురుగా ఎవరో కూర్చుంటారన్నట్టు ఊరికే వెలుగుతూ ఉంది. తంబాకు వాసన మెల్లగా లేచింది.

అమ్మ నాకంటే ముందు దానికి అలవాటు పడింది. అది వెలిగితే నాలుగైందని పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టేది. "అచ్చినవా" అని పలకరించేది. కరెంటు లేని రోజు వెలగకపోతే, "ఇయ్యాల రాలే" అని రాత్రి అన్నం తినేటప్పుడు గుర్తు చేసుకునేది. ఒకసారి నాతో గొంతు తగ్గించి, "అది ఎవలనో పిలుస్తున్నదిరా. పిలిచి పిలిచి సప్పుడు లేక ఊకుంటున్నది" అంది. అది విన్నాక నేను ఆ గదిలో ఒంటరిగా పనిచేయలేకపోయాను. వెనక నుంచి ఎవరో తెరను చూస్తున్నట్టుండేది.

కాలేజీలో ఒక లెక్చరర్‌ను అడిగితే, బోర్డు లోపలి సెట్టింగులు చూడమన్నాడు. చూశాను. నీలిరంగు తెర మీద అడుగున ఒక వరుస కనిపించింది. రోజూ నాలుగింటికి తనంతట తానే ఆన్ కావాలని ఎవరో సెట్ చేసి పెట్టుకున్నారు. దయ్యం లేదు, భూతం లేదు, ఒక్క వరుస. నా తెలివికి నేనే మురిసిపోయి దాన్ని తీసేశాను. అమ్మను పిలిచి చూపించాను. ఆమె సంతోషపడలేదు. "ఎవలు పెట్టుకున్నరో, ఎందుకు పెట్టుకున్నరో. తీసేటందుకు నువ్వెవ్వనివి?" అంది. ఆ తర్వాత కూడా సాయంత్రాలు ఆమె చేతిలో కండె ఆగేది. ఆ మూలకు చూసి, మళ్లీ చుట్టుకునేది.

ఎక్కువ రోజులు గడవలేదు. సెలవులకు నేను ఇంట్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నం దాటాక ఒకామె తలుపు దగ్గర నిలబడింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. చేతిలో గుడ్డసంచి, ముఖం నిండా బస్సు దుమ్ము. ఆమె లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన వచ్చింది. అమ్మ నా వైపు చూసింది.

"తమ్మీ, నా పేరు గంగమణి. కోరుట్లకెళ్లి అచ్చిన. జగిత్యాల ఖలీల్ సేటు చెప్పిండు, మా కంప్యూటర్ల బోర్డు మీ ఇంట్ల ఉన్నదట."

అమ్మ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆమె నీళ్లు తాగకుండానే మొదలుపెట్టింది. భర్త రాజేశం కోరుట్లలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. దుబాయ్ పోయేముందు తనే ఆ కంప్యూటర్ బిగించి, ఫోన్ లైను కలిపి, దాని ముందు ఆమెను కూర్చోబెట్టి చూపించాడు. ఆమె ఏమీ నొక్కనక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి అదే వెలుగుతుంది, అదే కలుపుతుంది, అతని గొంతు వస్తుంది. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని ఆమె మాట్లాడేది. "నేనే ఈడికెళ్లి ఆన్ చేస్తున్ననే" అని దుబాయ్ నుంచి చెప్పేవాడట అతను. కొన్నాళ్లకు అతని మాట ఆగిపోయింది. కంపెనీలో లేడన్నారు, ఎక్కడున్నాడో తెలియదన్నారు. బిల్లు కట్టక ఫోన్ లైను తీసేశారు. కానీ నాలుగింటికి కంప్యూటర్ వెలగడం మాత్రం ఆగలేదు.

"మా అన్న మారుమనువు చేస్తనంటున్నడు పెద్దమ్మా. మెట్‌పల్లి దిక్కు ఎవలో ఉన్నరట. నేను ఒక్కటే చెప్పిన. అగో, ఆయన రోజూ ఆన్ చేస్తున్నడు, పానంతోటి ఉన్నడు, ఇగ నేనెట్ల చేసుకుంట అన్న. నేను బీడీ కార్ఖానకు పోయిన పూట సూసి మా అన్న మొత్తం తీస్కపోయి అమ్మేసిండు." ఆమె నా వైపు తిరిగింది. "తమ్మీ, ఆన్ చేసేది బోర్డేనట గద. ఈడ గూడ ఆన్ అయితున్నదా?"

అమ్మ నోరు తెరవబోయింది. నేనే ముందు అన్నాను. "ఏమో అక్కా. నేను పట్టించుకోలే. సూద్దాం, నాలుగు కానియ్యి."

ఆ మాట ఎందుకన్నానో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాకు అంతా తెలుసు. ఆ వరుస నేనే తీసేశానని చెప్పొచ్చు. ఆమె చాయ్ తాగేలోపు దాన్ని తిరిగి పెట్టొచ్చు. లేదా, అది మీ ఆయన ముందుగానే పెట్టి వెళ్లిన గడియారమక్కా, దాన్నిబట్టి ఆయన ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు అని నిజం చెప్పొచ్చు. మూడింట్లో ఏదైనా సరిపోయేది. కానీ అది వెలిగితే ఆమె బోర్డు అడుగుతుంది. నిజం చెప్పినా అడుగుతుంది, ఎందుకంటే అది ఆమె భర్త చేత్తో బిగించింది. నేను అప్పుడే క్లాసువాళ్ల ప్రాజెక్టులు టైపు చేయడం మొదలుపెట్టాను. ఆ బోర్డు మీదే నా రేపటి బతుకంతా ఉందనుకున్నాను. అది తప్ప నా మనసులో ఇంకేమీ లేదు. దీనికి భయమని, చిన్నతనమని పేర్లు పెట్టి చూశాను. ఏ పేరూ నిలబడలేదు.

ఆమె డబ్బా ముందు నేల మీద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది. రెండు చేతులూ ఒళ్లో చాట ఉన్నట్టే పెట్టుకుంది. నాలుగైంది. సాంచాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. నల్లటి తెరలో ఆమె ముఖం మసకగా కనిపిస్తోంది. దాని వెనక తలుపు దగ్గర నిలబడ్డ నేను కనిపిస్తున్నాను. ఆమె ముందుకు జరిగి, జ్వరం చూసినట్టు డబ్బా మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత తెరలోంచే నన్ను చూస్తూ అడిగింది.

"నువ్వేమన్న చేసినవా తమ్మీ దీన్ని?"

"నేనేం చెయ్యలే అక్కా."

అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. నా అబద్ధం విని కూడా కొడుకును పరాయి మనిషి ముందు పట్టివ్వలేక తల దించుకుంది. నా తప్పులో ఆమెకు కూడా వాటా పెట్టాను.

గంగమణి లేచేటప్పుడు ఏడవలేదు. "అయితె లేడు" అంది. ఎవరింట్లోనో పాలు లేవని చెప్పినంత మామూలుగా. అమ్మ గబగబా దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. ఇంటికొచ్చిన ముత్తైదువ బొట్టు పెట్టించుకోకుండా మా గడప దాటదు. గంగమణి ఒక అడుగు వెనక్కి వేసింది. "వద్దు పెద్దమ్మా. ఇగ నాకు పెట్టద్దు." అమ్మ వేలి మీది కుంకుమ వేలి మీదే ఉండిపోయింది. ఆమె "పోయస్త" అనలేదు. "పోత" అని వెళ్లిపోయింది. బోర్డు అడగలేదు.

మర్నాడు నేను పెరట్లో ఉన్నాను. అమ్మ అరిచిన అరుపు సాంచాల చప్పుడును దాటి వినిపించింది. పరుగెత్తుకొచ్చాను. తెర వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. గోడ గడియారంలో నాలుగు. మా ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టలేదు. సెట్టింగులు తెరిచి చూశాను. నేను తీసేసిన వరుస తీసేసినట్టే ఉంది.

"పోయి చెప్పరా" అంది అమ్మ. "ఇప్పుడే బస్సెక్కు. ఆయన ఉన్నడని చెప్పు."

"వోల్టేజి తేడా అమ్మా. అట్ల అప్పుడప్పుడు అయితది."

"ఏదన్న గాని. పోయి చెప్పు."

నేను పోలేదు. అది వోల్టేజే అయ్యుంటుందని ఇప్పటికీ అనుకుంటాను. మళ్లీ ఎప్పుడూ అట్లా వెలగలేదు. ఎన్ని బోర్డులు చూసినా, ఎంత చదివినా, ఆ ఒక్క రోజు, ఆ ఒక్క వేళకు, అది ఎందుకు వెలిగిందో నాకు తెలియలేదు. కొన్ని నెలలకు ఖలీల్ భాయ్ మాటల మధ్య చెప్పాడు, కోరుట్ల ఆమెకు మెట్‌పల్లి దగ్గర మారుమనువు అయిందని. ఆయన అది మంచివార్తలాగే చెప్పాడు. నేను తలూపాను. ఆ బోర్డు మీద చాలాకాలం పనిచేశాను. ఆ పని మీదే నిలదొక్కుకున్నాను. పెళ్లి చేసుకున్నాను, జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాను.

రాజేశం బతికే ఉన్నాడు. కంపెనీ వదిలి దొంగచాటుగా పనిచేస్తూ పట్టుబడి, అక్కడి జైల్లో ఏళ్లు గడిపి తిరిగొచ్చాడు. కోరుట్లలో చిన్న రిపేరు దుకాణం పెట్టుకున్నాడని, మళ్లీ పెళ్లి చేసుకోలేదని విన్నాను. ఇది నాకు తెలిసి చాలాకాలమైంది. నిజామాబాద్ బస్సు కోరుట్లలో ఆగినప్పుడల్లా నేను కిటికీ మూసి తల తిప్పుకునేవాణ్ణి. అప్పుడు ఒక గొంతు వినడానికి ఒక మనిషి గది మొత్తం సిద్ధం చేసి కూర్చునేది. ఇప్పుడు మా అమ్మాయి ఒకేసారి ఎందరితోనో మాట్లాడుతుంది, ఎవరు జవాబివ్వకపోయినా కంగారుపడదు. ఇప్పుడైతే గంగమణికి ఆ బోర్డు అక్కర్లేదు, నా అబద్ధానికీ అంత బలం ఉండేది కాదు. అట్లా అనుకొని ఊరట పొందబోతాను. ఆమెకు కావాల్సింది ఆ రోజున, ఆ గదిలో. అది నా చేతిలో ఉండింది.

నేను భయపడ్డానని అమ్మాయి అన్న తర్వాతి ఆదివారం కోరుట్లలో రాజేశం దుకాణానికి వెళ్లాను. దుకాణంలో అతను ఒక్కడే ఉన్నాడు. తల నెరిసింది, కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. విప్పిన మిక్సీలోంచి తలెత్తకుండానే, "ఏం కావాలె అన్నా?" అన్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఏదీ తగ్గించలేదు. మధ్యలో అతని చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది.

చెప్పడం అయ్యాక అతను దాన్ని కింద పెట్టాడు. కొడతాడేమోనని చూశాను. కొట్టినా బాగుండేది. "నేనే ఆన్ చేస్తున్న అని నవ్వులకు చెప్పిన అన్నా" అన్నాడు చివరికి. "జైల్ల ఉన్నన్ని రోజులు, గా నాలుగింటి యాళ్లకు అనుకునేటోణ్ణి. అగో, ఇప్పుడు ఆన్ అయితుంటది, ఇప్పుడు అచ్చి కూసుంటది అని."

తర్వాత కళ్లద్దాలు తీసి అడిగాడు. "ఎంతసేపు కూసున్నది?"

"పొద్దూకేదాక. ఆఖరి బస్సు పోతదని మా అమ్మ చెప్తే లేసింది."

అతను తల ఊపాడు. ఏదో ఒకటి దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు, మెల్లగా, దాదాపు బతిమాలుతున్నట్టు ఇంకో మాట అడిగాడు.

"గప్పుడు మీ ఇంట్ల కరెంటు లేకుండెనా అన్నా?"

లేదని ఒక్క మాట అంటే చాలు, నేను వరుస తీయకున్నా ఆ రోజు అది వెలిగేది కాదని సర్దుకోవచ్చు. అతను ఆ మాట కోసమే చూస్తున్నాడు. అది కూడా నా నోటిదాకా వచ్చింది.

"ఉండె అన్నా" అన్నాను. "ఒక్కసారి సుత పోలే."